మెట్ల కింది మంచం

శ్రేయ తన పరుపును మెట్ల మీదుగా ఈడ్చుకుంటూ దిగేసరికి వజీరాబీ వంటింట్లో ఉప్మాకు ఎసరు పెట్టి, రవ్వ గిన్నె చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. వికారాబాద్ రైల్వే స్టేషన్‌కు దగ్గర్లోని ఆ లేడీస్ హాస్టల్లో పొద్దున పూట చప్పుళ్లు కొత్త కాదు. బాత్రూం దగ్గర తగవులు, చార్జర్ కోసం అరుపులు రోజూ ఉండేవే. కానీ పరుపు కిందికి రావడం ఎప్పుడూ లేదు. ఆమె మంట తగ్గించి గుమ్మంలోకి వచ్చింది.

"మేడం, జర బయటికి రండి. ఇది చూడండి!" అని శ్రేయ అరిచింది. బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్న పిల్ల. గట్టిగా మాట్లాడటం ఆమెకు అలవాటే గానీ ఈ గొంతులో ఏడుపు ఉంది.

మేనేజర్ రెబెక్క తడి జుట్టుకు తువాలు చుట్టుకుని గదిలోంచి వచ్చింది. శ్రేయ చొక్కా చేయి పైకి మడిచి చూపించింది. మోచేతి నుంచి భుజం దాకా ఎర్రటి దద్దులు, గుచ్చినట్టు వరసగా ఉన్నాయి. తర్వాత పరుపు అంచు కుట్టును రెండు వేళ్లతో విడదీసి పట్టుకుంది. లోపల సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు. వాటి మధ్య నుంచి గోధుమ రంగు పురుగొకటి నెమ్మదిగా కదిలి మళ్లీ మడతలోకి దూరింది.

"నల్లులు," అంది రెబెక్క గొంతు తగ్గించి.

అప్పటికే పై మెట్ల మీద అమ్మాయిలు గుమిగూడారు. ఒకరి మెడ ఒకరు చూసుకుంటున్నారు. వాళ్ల వెనక నాగరాణి నిలబడి ఉంది. శ్రేయతో పాటు అదే గదిలో ఉండే పిల్ల. కుల్కచర్ల దగ్గర ఊరు. స్టేషన్ రోడ్డులో కళ్లద్దాల దుకాణంలో పని చేస్తుంది. దుకాణానికి వెళ్లడానికి తయారై, భుజాన సంచీ వేసుకుని ఉంది.

"నేను ముందు నుంచే చెప్తున్న మేడం," అని శ్రేయ ఆమె వైపు తిరగకుండానే అంది. "ఆ గొంగడి రూంలో వద్దని. గొర్రెల దగ్గర పరుచుకునేది అది. అందులో నల్లులు కాక ఏముంటాయి?"

"అది గొర్ల కాడికి పోలే మేడం," అంది నాగరాణి. "కొత్తది. చలికి కప్పుకొమ్మని మా అమ్మ నేపిచ్చి ఇచ్చింది."

రెబెక్క పైకి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో చీపురు కర్ర, కర్ర చివర వేలాడుతూ మడత పెట్టిన నల్ల గొంగడి. దాన్ని వాకిట్లో పడేసి చేతులు కడుక్కుంది. ఆ మడత ఎవరూ విప్పి చూడలేదు. అది వజీరాబీ గమనించింది. అంతమంది చుట్టూ నిలబడి గొంగడిని చూశారు గానీ, వంగి ఒక్క పొర తీసి, ఇందులో పురుగుందా లేదా అని చూసినవాళ్లు లేరు.

"నాగరాణీ, నువ్వు కొన్నాళ్లు పైన ట్యాంకు పక్క రూంలో ఉండు. నీ బట్టలన్నీ అక్కడికే తీసుకుపో," అంది రెబెక్క.

"నన్ను గూడ కుట్టినయి మేడం." నాగరాణి మెడ మీది జడ పక్కకు తీసింది. "నాకు గూడ ఉన్నయి, చూడుండ్రి."

"ఉంటాయి మరి. నీ దగ్గరే ఉన్నప్పుడు," అంది శ్రేయ.

ఒకరిద్దరు నవ్వారు. నాగరాణి చుట్టూ ఉన్న ముఖాల్లోకి ఒక్కొక్కటిగా చూసింది. చివరికి ఆమె చూపు వంటింటి గుమ్మం దగ్గర ఆగింది. వజీరాబీ ఏదో అనాలనుకుంది. 'గొంగడి ఇప్పి చూడుండ్రి' అన్నా సరిపోయేది. లోపల ఎసరు పొంగి పొయ్యి మీద చుయ్యిమంది. ఆమె వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అందరూ తిని వెళ్లాక, గిన్నెలు తోమి, పప్పు నానబోసి, వజీరాబీ తన చోటికి వచ్చింది. మెట్ల కింద వాలుగా ఉన్న జాగా అది. నిలబడితే తల తగులుతుంది. ఒక నవారు మంచం, ట్రంకు పెట్టె, గోడకు మేకు, మేకుకు బురఖా. సాయంత్రం దుకాణం నుంచి రాగానే నాగరాణి చెప్పులు విడిచి ఆ మంచం మీదే కూర్చునేది. సంచీ పక్కన పడేసి, ఎల్లిగడ్డలు వలిచి పెడుతూ తన వదినె సంగతులు చెప్పేది. వదినెకు నెలలు నిండుతున్నాయి. పుట్టేది పిల్లనా పిల్లగాడా అని ఇద్దరూ పందెం కూడా వేసుకున్నారు. హాస్టల్లో అందరికీ ఆమె ఖాలా, అంటే పిన్ని. మిగతా పిల్లలు ఖాలా అన్నం, ఖాలా నీళ్లు అనేవాళ్లే. కూర్చుని మాట్లాడింది ఈ పిల్ల ఒక్కతే.

వజీరాబీ మంచం మీద కూలబడి గోడకు ఆనుకుంది. ఆనుకుని, పక్కకు చూసింది. తలవైపు గోడ మీద, మంచం పట్టె తగిలే చోట చిన్న చిన్న నల్లటి చుక్కలున్నాయి. దోమల మరకలని ఇన్నాళ్లూ వాటి జోలికి పోలేదు. పొద్దున శ్రేయ పరుపు కుట్టులో చూసినవీ ఇవే.

ఆమె లేచి బొంత తీసింది. రవికెకు పెట్టుకున్న పిన్నీసు తీసి, మంచం కోడు, పట్టె కలిసే బెజ్జంలో పెట్టి గీకింది. మొదట పొట్టులాంటిది రాలింది. పురుగులు విడిచిన పెంకులు. తర్వాత సన్నరవ్వలాంటి తెల్లటి గుడ్లు. ఇంకొంచెం లోపలికి పోనిచ్చి తిప్పితే, కందిపప్పు బద్దంత పురుగులు ఒకదాని మీద ఒకటి పడుతూ వెలుతురుకు బెదిరి పట్టె కిందికి పరుగెత్తాయి. ఒకదాన్ని బొటనవేలితో నలిపింది. రక్తం, దానితో పాటు కుళ్లిన కొత్తిమీర లాంటి వాసన. చీర కొంగుకు వేలు తుడుచుకుని తన చేతులు చూసుకుంది. దద్దు లేదు, దురద లేదు. వయసు మీద పడ్డాక ఒంటికి ఏది కుట్టినా తెలియకుండా పోయింది.

ఆ మంచం తాండూరుది. రంజాన్ పండక్కి తమ్ముడు ఇబ్రహీం ఇంటికి వెళ్తే, ఎప్పుడూ తను పడుకునే ముందు గదిలో కొత్త సోఫా ఉంది. మంచం వాకిట్లో గోడకు నిలబెట్టి ఉంది. "నువ్వే తీస్కపో ఆపా, నేల మీద పండుకుంటవ్ గద పాపం," అని మరదలు ముబీనా ప్రేమగానే అంది. తమ్ముడు మంచాన్ని ట్రాలీ ఆటోలో వేయించి పంపాడు కూడా. మెట్ల కింద మంచం పట్టిందని ఆమె సంబరపడింది. ఈసారి తాండూరు వెళ్తే ఎక్కడ పడుకోవాలో మాత్రం అడగలేదు.

నల్లులు ఈ మంచంతో వచ్చాయి. మంచం మీద కూర్చున్న పిల్ల బట్టలు పట్టుకుని, సంచీ పట్టుకుని పై గదికి పోయాయి. తన దగ్గర కూర్చోవడం తప్ప నాగరాణి చేసిందేమీ లేదు.

మేనేజర్ గది తలుపు తెరిచే ఉంది. రెబెక్క ఫోన్లో ఎవరితోనో మందు గురించి మాట్లాడుతోంది. వజీరాబీ ఆ గుమ్మం దాకా వెళ్లింది. గుమ్మం దగ్గర నిలబడి, వంట మనిషి మంచంలో నల్లులున్నాయని తెలిస్తే ఏమవుతుందో ఆలోచించింది. మెట్ల కింద ఈ జాగా పోతే ఎక్కడికి పోవాలో ఆలోచించింది. రెబెక్క తలెత్తి "ఏంది వజీరాబీ?" అంది.

"రాత్రికి ఏం కూర చెయ్యాలె మేడం?"

మర్నాడు రెబెక్క బజారు నుంచి మందు సీసా తెప్పించి పై గదులన్నిటిలో పరుపుల మీద కొట్టించింది. అమ్మాయిలు ముక్కులకు చున్నీలు అడ్డం పెట్టుకుని పనులకు వెళ్లిపోయారు. రెబెక్క కూడా ఓనరును కలవాలని బయటికి వెళ్లింది. ఇల్లు ఖాళీ అయ్యాక వజీరాబీ మంచం పని పట్టింది.

ముందు నవారు విప్పింది. పట్టెలకు చుట్టుకున్న నవారును ముడి దగ్గర మొదలుపెట్టి, దులపకుండా, నేలకు తగలనీయకుండా పెద్ద ప్లాస్టిక్ కవర్లో వేసుకుంటూ వచ్చింది. బొంత, దుప్పటి, తలకింది మెత్త అన్నీ అదే కవర్లోకి. మూతి బిగించి కట్టింది. చిన్నప్పుడు తల్లి గ్యాస్ నూనెలో, అదే కిరసనాయిలులో, గుడ్డ ముంచి మంచం కోళ్లకు పూసేది. ఇప్పుడు ఆ నూనె దొరకదు. దొరికినా వంటింటి పక్కన ఆ పని చేయలేదు. ఎండ ఉంది, మరిగే నీళ్లున్నాయి. మంచం చట్రాన్ని భుజానికెత్తుకుని, మెట్టుకొకసారి ఆగుతూ మిద్దె మీదికి చేర్చింది. నీళ్ల బగోనె కోసం మళ్లీ దిగింది.

మిద్దె మీద ఎండ పేలిపోతోంది. ఆమె మంచాన్ని బోర్లా పెట్టి, చెంబుతో మరిగే నీళ్లు బెజ్జాల్లో సన్నటి ధారగా పోసింది. ఎక్కువ పోస్తే నీళ్లు పక్కకు జారిపోతాయి. ధార సన్నగా ఉంటేనే లోపలికి దిగుతుంది. ఒక్కో కోడు దగ్గర నీళ్లతో పాటు నల్లులు తేలి, కాళ్లు ముడుచుకుని నేల మీదికి కొట్టుకొచ్చాయి. రెండో కోడు దగ్గరికి జరుగుతుంటే ట్యాంకు పక్క గది తలుపు తెరుచుకుంది.

నాగరాణి పైనే ఉందని ఆమెకు గుర్తులేదు. ఇవాళ్టి నుంచి మధ్యాహ్నం డ్యూటీ అని ఆ పిల్ల ముందే చెప్పింది కూడా.

"ఖాలా?"

వజీరాబీ చెంబు కింద పెట్టింది. దాచడానికి ఏమీ లేదు. తడి నేల నిండా చచ్చిన పురుగులే.

నాగరాణి వాటిని చూసింది. మంచాన్ని చూసింది. ఆమె ముఖంలోంచి రంగు దిగిపోయింది.

"నీ మంచంల గూడనా?"

వజీరాబీ తల ఊపింది.

ఆ పిల్ల వచ్చి, చున్నీ చేతికి చుట్టుకుని బగోనె ఒక పక్క పట్టుకుంది. ఇద్దరూ మిగిలిన కోళ్ల బెజ్జాల్లో నీళ్లు పోశారు. నాగరాణి ఇటుక ముక్కతో పట్టెను కొట్టి పగుళ్లలోవి బయటికి దులిపింది. పని అయిపోయాక వజీరాబీ పిట్టగోడ నీడలో కూర్చుని, పక్కన చోటు చూపించింది.

"కూసో బిడ్డా."

"వద్దు ఖాలా. నేను పోత. టైం అయితుంది." గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

తెలిసిపోయింది, అనుకుంది వజీరాబీ. ఆ ముఖం మారడంలోనే తెలిసిపోయింది. ఎండలో కూర్చుని మంచం ఆరేదాకా చూసింది. రాత్రి భోజనాల వేళ ఈ పిల్ల వచ్చి, అందరి ముందూ 'గొంగడి కాదు, ఆమె మంచం' అంటుంది. అననీ. తన నోటితో చెప్పే బాధ తప్పుతుంది.

రాత్రి నాగరాణి ఏమీ అనలేదు. మర్నాడూ అనలేదు. తలుపు దగ్గరే ప్లేటు అందుకుని మిద్దె మీదికి పోయేది. తిన్న ప్లేటు తనే మరిగే నీళ్లతో కడిగి, గుమ్మం బయట బోర్లించి పోయేది. మెట్ల దగ్గరికి వచ్చినప్పుడు మంచం వైపు చూడకుండా, గోడవైపు ఒదిగి ఎక్కేది. వజీరాబీ ఎల్లిగడ్డల గిన్నె ముందు పెట్టుకుని కూర్చుని, ఆ పాదాలు తన తల మీదుగా ఒక్కో మెట్టూ ఎక్కి వెళ్లడం వినేది. తిట్టినా బాగుండేది. అసహ్యించుకుని మాట మానేసిందే, అది మింగుడు పడటం లేదు.

మందు కొట్టినా పై గదిలో కుట్టడం ఆగలేదు. కొట్టిన మందు పరుపు పైనే ఉండిపోయింది, నల్లులు మంచం చెక్కల సందుల్లోకి పోయాయి. శ్రేయ వేరే గదిలో పడుకుంది. అక్కడివాళ్లూ గోక్కోవడం మొదలుపెట్టారు. "ఆ పిల్లను ఇంకా ఎందుకు ఉంచారు మేడం?" అని ఒకరు అడగడం వంటింట్లోకి వినిపించింది.

ఆ రోజు మధ్యాహ్నం వజీరాబీ చేతులు తుడుచుకుని మేనేజర్ గదిలోకి వెళ్లి నిలబడింది. ఈసారి కూర గురించి అడగలేదు.

"మేడం, నల్లులు నా మంచంల వచ్చినయి. తాండూరు నుంచి తెచ్చిన మంచం. ఆ పిల్ల నా కాడ కూసుంటుండె, ఆమె బట్టలకు అంటినయి. గొంగడిల ఏం లేదు."

రెబెక్క పెన్ను పక్కన పెట్టింది. లేచి తలుపు మూసింది. అరుస్తుందనుకుంది వజీరాబీ. రెబెక్క కుర్చీలో కూర్చుని నుదురు రుద్దుకుంది.

"ఇంకెవరికన్నా చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. వంట మనిషి మంచంల నల్లులంటే రేపు పొద్దటికి సగం మంది ఖాళీ చేస్తరు. ఓనర్ నిన్నూ తీసేస్తడు, నన్నూ తీసేస్తడు. నాకు ముగ్గురు పిల్లలున్నరు వజీరాబీ."

"ఆ పిల్ల..."

"ఆ పిల్ల వెళ్లిపోతుంది. తాండూరు దుకాణానికి బదిలీ అడుక్కుందట, పొద్దుగాలే చెప్పింది. మనం పంపట్లేదు, తనే పోతుంది. హైదరాబాద్ నుంచి మందు కొట్టేవాళ్లను పిలిపిస్తున్న. సందుల్లో కొడతరట, మళ్లా వచ్చి కొడతరట. అంతా సర్దుకుంటది." రెబెక్క గొంతు మెత్తబడింది. "ఆ మంచం ఎవరికీ ఇయ్యకు. కొట్టి పొయ్యిల పెట్టు."

వజీరాబీ పెరట్లో మంచాన్ని విరగ్గొట్టి, స్నానాల నీళ్లు కాచే పొయ్యిలో ఒక్కో కర్రా పెట్టింది. చాలా ఏళ్ల పాత కర్ర, తొందరగా అంటుకుంది. ఆ రాత్రి నుంచి మళ్లీ నేల మీదే.

నాగరాణి రెండు బ్యాగులతో దిగిన పొద్దున హాలులో ఎవరూ లేరు. వజీరాబీ టిఫిన్ డబ్బాలో పూరీలు పెట్టి వాకిట్లోకి పరుగెత్తింది.

"బిడ్డా, ఇవి తీస్కో."

"దూరం ఉండు ఖాలా," అంది నాగరాణి. గేటు చప్పున మూసి తనకూ ఆమెకూ మధ్య పెట్టింది. ఒక్కసారి కళ్లెత్తి చూసి, బ్యాగులు ఎత్తుకుని స్టేషన్ వైపు వెళ్లిపోయింది. డబ్బా వజీరాబీ చేతిలోనే ఉండిపోయింది.

హైదరాబాద్ నుంచి మందు కొట్టేవాళ్లు వచ్చారు. మంచాల మరలు విప్పించి, సందు సందుకూ సన్న గొట్టంతో మందు పట్టించి, బట్టలన్నీ మరిగే నీళ్లలో వేయించారు. మెట్ల కింద కూడా కొట్టారు. కుట్టడం ఆగింది. "గొంగడి పోయింది, నల్లులు పోయాయి," అని శ్రేయ తినేటప్పుడు అంటే బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. వజీరాబీ చారు పోస్తోంది. పోసి, తర్వాతి ప్లేటు దగ్గరికి జరిగింది.

ఒక శనివారం మధ్యాహ్నం హాల్లోని హాస్టల్ ఫోన్ మోగింది. రెబెక్క లేదు. వజీరాబీ ఎత్తింది.

"అమ్మా, నేను నాగరాణి తల్లిని, హన్మమ్మను. జర మా బిడ్డకు ఇస్తవా?"

వజీరాబీ ఫోన్ చెవి మార్చుకుంది. కూతురు తాండూరు వెళ్లిన సంగతి తల్లికి తెలియదు.

"దుకాణంల ఉన్నదమ్మా," అంది.

"సెల్లుకు చేస్తే పని ఉన్నదని పెట్టేస్తుంది. మా కోడలు కాన్పయింది. ఆడపిల్ల. అత్తను అయిన అని ఎగురుకుంట వస్తదనుకున్న. లీవు లేదంటది. అన్న పోయి తోల్కొస్తనంటే వద్దంటది. దాని పానం గిట్ల మంచిగనే ఉన్నదా? నువ్వు రోజూ చూస్తవు గద. అబద్ధం చెప్పకు."

"మంచిగనే ఉన్నదమ్మా," అంది వజీరాబీ.

ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం వంట తొందరగా ముగించి, రాత్రికల్లా వస్తానని రెబెక్కకు చెప్పి తాండూరు బండెక్కింది. ధారూరు దాటాక కంది చేలన్నీ మోడులై ఉన్నాయి. తాండూరులో దిగి, తమ్ముడి ఇంటికి వెళ్లే సందు పక్కనుంచే నడిచి, లోపలికి తిరగకుండా బజారులోకి వెళ్లింది. కళ్లద్దాల దుకాణం షట్టరు సగం దించి ఉంది. లోపల అద్దాలు తుడుస్తున్న ఆయన, నాగరాణి ఉండేది బండల పాలిషింగ్ మిషన్ల వెనక గల్లీ అని దారి చెప్పాడు.

ఆ గల్లీలో చెట్ల ఆకుల మీద కూడా బండల దుమ్మే. వరసగా ఉన్న గదుల్లో చివరిది. తలుపు కొడితే నాగరాణి తీసింది. చిక్కిపోయింది. చేతులు మోచేతుల దాకా ఎర్రబడి, వేళ్ల మీద తోలు లేచిపోయి ఉంది.

"ఖాలా! నువ్వెందుకు వచ్చినవ్? లోపటికి రాకు."

"తిట్టు బిడ్డా. ఎన్ని తిడ్తవో తిట్టు. తిట్టి లోపటికి రానియ్యి."

"నేనెందుకు తిడ్త?" నాగరాణికి అర్థం కాలేదు. తలుపుకు అడ్డంగానే నిలబడింది. "ఇంక నా మీద ఉన్నయో పోయినయో నాకు తెల్వదు. మల్ల నీకు అంటుకుంటయి. నా వల్లనే గద నీ మంచం పాయె."

వజీరాబీ ఆమె ముఖంలోకి చూసింది.

"ఏమన్నవ్?"

"రోజు వచ్చి నీ మంచం మీద కూసుంటుంటి. నా మీద ఉన్నయని నాకు గూడ తెల్వదు ఖాలా, ఒట్టు. మిద్దె మీద నీ మంచంల చూసినంక తెలిసింది. నువ్వు ఒక్క మాట అనలే. తల ఊపి ఊకున్నవ్. నేను మొకం ఎట్ల చూపెట్టాలె నీకు?"

వజీరాబీ గడప మీద కూలబడింది. గది లోపల నేలంతా బోసి బండలు. పరుపు లేదు, చాప లేదు. బట్టలన్నీ మూతులు కట్టిన ప్లాస్టిక్ కవర్లలో మేకులకు వేలాడుతున్నాయి. మూలన బకెట్లో నీళ్లు ఆవిరి కక్కుతున్నాయి. ఒక కవర్లో గులాబీ రంగు చిన్న గౌను, దుకాణం చీటీ కూడా తీయకుండా ఉంది.

"గొంగడి ఏది బిడ్డా?"

"పారేసిన."

"దాంట్ల ఒక్కటన్న కనపడ్డదా నీకు?"

"కనపడలే. కనపడకుండ ఉంటయంట గద."

"దాంట్ల లేవు. ఇట్ల కాగిన నీళ్లల్ల తీసినంక నీ మీద గూడ ఇంక ఉండయి." వజీరాబీ మాటలు కూడదీసుకుంది. "అవి నా మంచంల వచ్చినయి. మా తమ్ముని ఇంట్ల మంచం అది. నా మంచం మీద కూసుంటివి గాబట్టి నీ బట్టలకు అంటినయి. మేడం గొంగడి వాకిట్ల పడేసిన నాడే పగటీలి నేను చూసిన. చూసి గూడ నోరు మెదపలే."

నాగరాణి తలుపు రెక్క పట్టుకుని నిలబడే ఉంది. గల్లీ అవతల పాలిషింగ్ మిషన్ ఒకటి ఆగకుండా గీమంటోంది.

"గా దినమే తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి మిద్దె మీదనన్న ఎందుకు చెప్పలే?"

"నీకు తెలిసిపోయిందనుకున్న. నీ మొకం అట్లయింది. నా మీద కోపంతోనే మాట్లాడ్తలేవనుకున్న."

"నువ్వు అనుకున్నవా?" నాగరాణి గొంతు పెరిగింది. "నేను కొత్త దుకాణంల ఎవల పక్కన కూసుంట లేను. వాళ్లు చాయ్ తాగనీకి పిలిస్తే పోత లేను. మా అన్నకు బిడ్డ పుట్టింది. పసిపిల్ల, దాన్ని ఎత్తుకుంటే దాని బట్టల్ల పడ్తయేమోనని ఊరికి పోలే. మా అమ్మకు అబద్ధాలు చెప్తున్న. రోజూ కాగిన నీళ్లల్ల బట్టలు ముంచి ముంచి నా చేతులు చూడు. నీకు అన్ని తెలిసి, పూరీలు పెట్టి పంపుదామని గేటు కాడికి వచ్చినవా?"

"భయమయింది బిడ్డా. ఆ జాగా పోతే నాకు ఇంకో జాగా లేదు."

"నాకు కాలేదా భయం?"

వజీరాబీ తల వంచుకుని కూర్చుంది. నాగరాణి లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. వజీరాబీ లేచి దగ్గరికి వెళ్లబోయి, ఆగి, గడప మీదే మళ్లీ కూర్చుంది.

కొంతసేపటికి ఏడుపు ఆగింది. ఫోన్ నొక్కిన చప్పుడు.

"అమ్మా, నేనే. వస్తున్న. ఇయ్యాల్నే వస్తున్న. ఏం కాలేదే, మంచిగనే ఉన్న. వదినెను పండుకోవద్దను, నేను వచ్చేదాక." ముక్కు తుడుచుకుంది. "దాన్ని గూడ పండుకోవెట్టకుండ్రి."

మేకులకున్న కవర్లు ఒక్కొక్కటే దింపి మూతులు విప్పింది. రెండు జతలు, గౌను సంచీలో పెట్టుకుని తాళం వేసింది. ఇద్దరూ బస్టాండు దాకా నడిచారు. నాగరాణి ముందు, వజీరాబీ వెనక. బండల లారీ వచ్చినప్పుడు ఇద్దరూ పక్కకు జరిగారు. బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నాగరాణి ఎక్కి, నిండుగా ఉన్న సీట్లో ఇద్దరాడవాళ్ల మధ్య సందు చేసుకుని కూర్చుంది. కిటికీ పక్కామె మీదుగా వంగి బయటికి చూసింది.

"వాళ్లకు చెప్పినవా? శ్రేయకు, అందరికి?"

"మేడంకు చెప్పిన. ఎవరికి చెప్పద్దన్నది."

నాగరాణి చెప్పమని అనలేదు, వద్దనీ అనలేదు. బస్సు కదిలింది.

వజీరాబీ హాస్టల్ చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. బురఖా మేకుకు తగిలించి, బియ్యం కడిగి, వంకాయ కూర చేసింది. అమ్మాయిలు దిగారు. వడ్డన అయ్యాక రోజూ ఆమె వంటింటి గుమ్మంలో నిలబడేది, ఎవరికి ఏం కావాలో పిలుస్తారని. ఇవాళ గరిటె గిన్నెలో పెట్టి, బల్ల చివరనున్న ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె ఆ కుర్చీల్లో కూర్చోవడం ఇదివరకు ఎవరూ చూడలేదు. మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రెబెక్క తన గదిలోంచి గుమ్మంలోకి వచ్చి నిలబడి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

వజీరాబీ ఆమెను చూసింది. చూసి, బల్ల వైపు తిరిగింది.

"నాగరాణి గొంగడిల నల్లులు లేవు. నా మంచంల ఉండె," అంది.

పక్కనున్న శ్రేయ కుర్చీ కీచుమంటూ వెనక్కి జరిగింది. ఆ పక్కది కూడా. ఎవరో తింటున్న ప్లేటు దూరంగా నెట్టారు. వజీరాబీ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, మంచం తాండూరు నుంచి వచ్చిన రోజు దగ్గర మొదలుపెట్టి, వరసగా చెప్పుకుంటూ పోయింది.